గొడవ తర్వాత గ్రాంటు

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రికి దగ్గర్లో, మూసీ ఒడ్డున, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆబిడ్స్‌లో ఆసఫియా పేరుతో మొదలై 1936లో ఇక్కడికి మారింది. పుస్తకాలకూ తర్జుమాలకూ నిజాం సర్కారు బాగానే ఖర్చుపెట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1919లో తరగతులు మొదలయ్యేనాటికే అనువాద శాఖ సిద్ధంగా ఉంది. పల్లెకు పోయి రైతు అప్పుల లెక్క రాసుకురమ్మని పంతులుగారికి డబ్బివ్వడం మాత్రం వేరే సంగతి. అలాంటి డబ్బు ఈ ఊళ్లో ఎప్పుడెప్పుడు పుట్టిందో వరసగా చూస్తే, ముందు ఎక్కడో నిప్పంటుకోవడం, ఆ తర్వాతే ఖజానా తెరుచుకోవడం కనిపిస్తుంది.

మొదటిది ఈ లెక్కకు సరిగా లొంగదు. నిజాం కాలేజీ అర్థశాస్త్ర ఆచార్యుడు ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో సంస్థానం పల్లెల్లో ఆర్థిక పరిశోధన చేశారు. అది సంపుటాలుగా అచ్చయింది. అప్పటికి ఇక్కడ పెద్ద అలజడేమీ లేదు. ఆయనే ఇరవై ఏళ్లకు, 1949-51లో, మళ్లీ గ్రామీణ విచారణలకు దిగారు. ఈసారి తెలంగాణ రైతుల సాయుధ పోరాటం వల్ల పల్లెలు మునుపటిలా లేవు.

రెండోది అడవిది. 1940లో ఆదిలాబాద్ కొండల్లో గోండు నాయకుడు కొమురం భీం పోలీసు తూటాలకు బలయ్యాక, గోండుల భూమి గొడవ సర్కారును గట్టిగానే కలవరపెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ యుద్ధం పుణ్యమా అని ఇండియాలో చిక్కుకుపోయి హైదరాబాద్ చేరాడు. చెంచులతో మొదలుపెట్టి, కొండరెడ్ల మీదుగా గోండుల దాకా వచ్చాడు. గిరిజన వ్యవహారాల్లో సర్కారుకు సలహాదారయ్యాడు, ఉస్మానియాలో ఆచార్యుడూ అయ్యాడు. పరిశోధనకు పెట్టిన ఖర్చు పట్టాల పంపిణీలోనూ మార్లవాయి ఊళ్లో గోండుల బడిలోనూ తేలిందంటే, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1951కి వద్దాం. సంస్థానాన్ని ఇండియాలో కలిపిన పోలీస్ చర్య అయి మూడేళ్లు, సాయుధ పోరాటం విరమించినదీ ఆ ఏడాదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం సామాజిక సేవా విస్తరణ పథకం కింద ఒక బృందాన్ని నగరం బయట ఉన్న శామీర్‌పేట పల్లెకు పంపింది. నాయకుడు శ్యామాచరణ్ దుబే, అప్పటికి ముప్పయ్యేళ్లు నిండలేదు. సామాజికశాస్త్రం వాళ్లతో పాటు వైద్యం, వ్యవసాయం, పశువైద్యం వాళ్లనూ తీసుకెళ్లడం నాకు నచ్చిన తెలివి. ఊరికి ఏదో ఒకటి ఇస్తూ అడిగితేనే గదా నోరు విప్పుతారు! ఆ పనిలోంచి 1955లో ‘ఇండియన్ విలేజ్’ పుస్తకం వచ్చింది. ఒక్క తెలంగాణ పల్లె ప్రపంచంలోని సామాజికశాస్త్ర తరగతి గదుల్లోకి ఎక్కింది.

అసలు ఘట్టం దీని తర్వాతది. 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలు చట్టం వచ్చింది. రక్షిత కౌల్దార్లన్న కొత్త హక్కుదారులు పుట్టారు. కాగితం మీద ఇచ్చిన హక్కు పొలంలో నిలిచిందా? ప్రణాళికా సంఘం 1953లో పరిశోధన కార్యక్రమాల కమిటీని వేసి, ఇలాంటి ప్రశ్నలకు విశ్వవిద్యాలయాలకు డబ్బివ్వడం మొదలుపెట్టింది. ఉస్మానియా అర్థశాస్త్ర శాఖలోని ఎ.ఎం. ఖుస్రో ఆ సాయంతో హైదరాబాద్ రాష్ట్రం పల్లెల్లో సర్వే చేయించి లెక్క తీయించారు. 1958లో పుస్తకం వచ్చింది. 1951లో రక్షిత కౌల్దార్లయిన ప్రతి 100 మందిలో నాలుగేళ్లయ్యేసరికి కౌలు నిలుపుకున్నవాళ్లు సుమారు 45 మంది. భూమి కొనుక్కున్నవాళ్లు 12 మంది. చట్టప్రకారం ఖాళీ చేయించింది ముగ్గురికి లోపే, చట్టానికి విరుద్ధంగా వెళ్లగొట్టింది మాత్రం 22 మందిని. ఇంకో 18 మంది దాకా ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నారట. దొర గడీ ముందు నిలబడి కౌలుదారు ఎంత స్వచ్ఛందంగా వేలిముద్ర వేస్తాడో తెలంగాణ వాళ్లకు చెప్పక్కర్లేదు. సర్కారు సొమ్ముతో సర్కారు చట్టం బండారాన్నే బయటపెట్టిన పరిశోధన ఇది. ఖుస్రోకు దీనివల్ల నష్టమేమీ జరగలేదు, తర్వాత 11వ ఆర్థిక సంఘానికి అధ్యక్షుడయ్యారు.

ఒక్కో ప్రశ్నకు ఒక్కో కమిటీ దగ్గర చెయ్యిచాచే పద్ధతి ఎంతోకాలం సాగదని వి.కె.ఆర్.వి. రావు కమిటీ తేల్చింది. దాని ఫలితంగా 1969లో భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి, అదే ఐసీఎస్ఎస్ఆర్, ఏర్పడింది. తొలి అధ్యక్షుడు డి.ఆర్. గాడ్గిల్. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ఆవరణలోనే ఉంది.

అక్కడితో ఒక సంగతి తిరగబడింది. అప్పటిదాకా ఎక్కువగా ప్రశ్న సర్కారుది, శ్రమ ఆచార్యుడిది. ఇప్పుడు ప్రశ్న కూడా ఆచార్యుడే రాసి పంపాలి. నిపుణులు చూసి ఒప్పుకుంటే డబ్బు విడతలుగా విశ్వవిద్యాలయం ఖాతాకు వస్తుంది. ఒక విడత ఖర్చు లెక్క, యుటిలైజేషన్ సర్టిఫికెట్ చేరితే గానీ తర్వాతిది కదలదు. పల్లెలో సర్వే చేసే కుర్రాళ్లకు బత్తెం మాత్రం ఏ రోజుకారోజు చేతిలో పెట్టాల్సిందే.