స్టోగర్‌ని తీసేయడం ఆలస్యమైందా? కొలోన్‌లో ఇంకా తెగని పంచాయితీ

కొలోన్‌లో ఫుట్‌బాల్ చూసేటోళ్లను ఎవరినైనా ఆపి "స్టోగర్‌ని ముందే తీసేయాల్సిందా?" అని అడగండి. అర్ధగంట మీకు వేరే పని ఉండదు. మా సైట్ మీద కాంక్రీట్ బండి లేటయితే చాలు, ఇదే లొల్లి. ఒకాయన "అక్టోబర్‌లోనే పంపించాల్సింది, ప్రేమ కొద్దీ ఉంచుకొని క్లబ్‌ను ముంచిన్రు" అంటడు. ఇంకొకాయన "అసలు తీసేయడమే తప్పు" అంటడు. వినీ వినీ నేను కూడా పాత పాయింట్ల పట్టికలు తీసి లెక్క వేసిన. అందులో ఒక విచిత్రం కనబడ్డది, అది చెప్పడానికే ఈ పోస్ట్. క్రికెట్ తప్ప వేరే ఆట పట్టించుకోని మనోళ్ల కోసం కొంచెం ముందు నుంచి చెప్త.

ఎఫ్‌సీ కొలోన్ 1948లో రెండు చిన్న క్లబ్‌లు కలిసి పుట్టింది. జర్మనీ పెద్ద లీగ్ బుండెస్‌లీగా 1963లో మొదలైతే, మొదటి సీజన్ ఛాంపియన్ వీళ్లే. 1978లో లీగ్, కప్పు రెండూ గెలిచిన్రు. అప్పటి ట్రైనర్ హెన్నెస్ వైస్‌వైలర్. (ఇక్కడ మేనేజర్ అనరు, ట్రైనర్ అంటరు.) క్లబ్ గుర్తు మేక. దాని పేరు కూడా హెన్నెస్, ఆయన పేరే. అంటే ట్రైనర్ మీద ప్రేమ ఈ ఊర్లో ఇయ్యాల పుట్టింది కాదు.

తొందరపడి తీసేసిన చరిత్ర కూడా వీళ్లకుంది. క్రిస్టోఫ్ డౌమ్ వరుసగా రెండేళ్లు టీమ్‌ను రెండో స్థానంలో నిలబెడితే, 1990లో ప్రపంచకప్ నడుస్తుండగా ఆయన్ని పీకేసిన్రు. రెండేళ్లకు ఆయన స్టుట్‌గార్ట్‌తో లీగ్ గెలిచిండు. కొలోన్‌కు ఆ టైటిల్ మళ్లీ రాలేదు. 1998లో మొదటిసారి కింది లీగ్‌కు పడిపోయిన్రు. అప్పటి నుంచి ఎక్కుడు, దిగుడు.

పీటర్ స్టోగర్ 2013లో వియన్నా నుంచి వచ్చేసరికి టీమ్ రెండో లీగ్‌లో ఉంది. మరుసటి ఏడాదే పైకి తెచ్చిండు. తర్వాత 12వ స్థానం, 9వ స్థానం, 2017లో 5వ స్థానం. ఇరవై ఐదేళ్ల తర్వాత యూరప్ పోటీలో ఆడే అవకాశం వచ్చింది. 2017 సెప్టెంబర్ 14న లండన్‌లో ఆర్సెనల్‌తో మ్యాచ్. కొలోన్ నుంచి దాదాపు 20,000 మంది పోయిన్రు, చాలామందికి టికెట్లే లేవు. గేట్ల దగ్గర గందరగోళమై ఆట గంట ఆలస్యంగా మొదలైంది. 3-1తో ఓడిన్రు. అయినా ఆ రోజు గురించి చెప్పేటప్పుడు ఇక్కడి వాళ్ల ముఖం చూడాలి, గెలిచినట్టే చెప్తరు.

లీగ్‌లో మాత్రం అప్పటికే జారుడు మొదలైంది. 14 మ్యాచ్‌లు ఆడితే గెలుపు సున్నా, డ్రా మూడు, అంటే 3 పాయింట్లు. అదే టీమ్ అదే నెలల్లో బెర్లిన్ పోయి కప్పు మ్యాచ్ గెలిచింది, యూరప్‌లో బాటే మీద 5-2, నవంబర్ 23న ఆర్సెనల్ మీదనే 1-0 గెలిచింది. అందుకే అభిమానులు ఎటూ తేల్చుకోలేకపోయిన్రు. పూర్తిగా చచ్చిన టీమ్ అయితే పంచాయితీయే ఉండకపోవు. డిసెంబర్ 2న షాల్కె మీద 2-2 డ్రా. తెల్లారి స్టోగర్‌ని తీసేసిన్రు.

ఇప్పుడు లెక్క. ఆయన తర్వాత వచ్చిన స్టెఫాన్ రూటెన్‌బెక్ మిగిలిన 20 మ్యాచ్‌ల్లో 19 పాయింట్లు తెచ్చిండు. మొత్తం 22, అందరికంటే కింద. 18 టీముల్లో కింది రెండు నేరుగా పడిపోతయి. 16వ టీమ్‌కు మాత్రం నిలబడేందుకు ఇంకో అవకాశం ఇస్తరు. ఆ ఏడు 16వ టీమ్‌కు 33 పాయింట్లు. రూటెన్‌బెక్ తెచ్చిన లెక్క ప్రకారం 34 మ్యాచ్‌లూ ఆయనే నడిపి ఉంటే ఎన్ని వచ్చేవి? 32. అక్టోబర్ చివర్లో మార్చి ఉంటే 26 దాటకపోవు.

ఇక విచిత్రం. 2023లో కూడా ఇదే కథ. స్టెఫెన్ బౌమ్‌గార్ట్ 2022లో టీమ్‌ను 7వ స్థానానికి తెచ్చిన మనిషి. అభిమానులకు ప్రాణం. 16 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లే వచ్చేసరికి 2023 డిసెంబర్ 21న విడిపోయిన్రు. టీమో షుల్ట్స్ వచ్చి 18 మ్యాచ్‌ల్లో 17 పాయింట్లు తెచ్చిండు. అదే లెక్కన సీజనంతా ఆయనే ఉంటే? మళ్లీ 32. ఆ ఏడు 16వ టీమ్‌కు ఎన్ని? మళ్లీ 33. నేను రెండుసార్లు కాలిక్యులేటర్ కొట్టి చూసిన.

నిజమే, ఆట ఇట్ల త్రైరాశికంలో నడవదు. కొత్త మనిషి ముందే వస్తే ఆటగాళ్ల ధైర్యం వేరుగా ఉండొచ్చు. కానీ "ఒక్క ఆలస్యమే ముంచింది" అనే మాటకు ఈ లెక్క ఒప్పుకోదు.

మరి ఏది ముంచింది? 2017 ఎండాకాలం. అంతకుముందు సీజన్‌లో టీమ్ కొట్టిన గోల్స్ 51, అందులో 25 ఒక్క ఆంథొనీ మోడెస్ట్‌వే. ఆయన్ని చైనా క్లబ్‌కు అమ్మేసిన్రు. మంచి ధర వచ్చింది, కొత్త ఫార్వర్డ్ కోర్డోబాను కొన్నరు, లోటు తీరలేదు. పైగా హెక్టర్ లండన్ మ్యాచ్‌లో గాయపడి నెలల తరబడి ఆడలేదు. చేసేది లేక సెప్టెంబర్ చివర్లో 38 ఏళ్ల పిసారోను తెచ్చుకున్నరు. మా పనిలో కూడా ఇంతే. ఇనుము తగ్గించమని సంతకం పెట్టేది ఆఫీస్‌లో ఒకరు, పగులు వచ్చినంక పంపించేది మేస్త్రిని. 2023 సీజన్‌లోనూ అంతే, ఒక కుర్రాడి ఒప్పందం గొడవలో ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది. అది బౌమ్‌గార్ట్ తెచ్చిన కష్టమా?

నా కోపం వేరే దాని మీద. ఆటగాళ్ల కొనుగోలు, అమ్మకం చూసే డైరెక్టర్ యోర్గ్ ష్మాట్కె 2017 అక్టోబర్ 23న వెళ్లిపోయిండు. ఆ తర్వాత దాదాపు ఆరు వారాలు స్టోగర్‌ని గట్టిగా నమ్మిందీ లేదు, తీసేసిందీ లేదు. ఆ మధ్యలో 5 లీగ్ మ్యాచ్‌లు, 1 పాయింట్. పోవుడో ఉండుడో తెలియని మనిషి మాట కింద వాళ్లు ఎంతవరకు వింటరు? మన హైదరాబాద్ సన్‌రైజర్స్ సంగతి గుర్తుంది కదా. 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ని 2021లో మధ్యలో కెప్టెన్సీ నుంచి దింపిన్రు. ఆఖరికి వచ్చింది చివరి స్థానమే.

అట్లని "ఎప్పుడూ మార్చొద్దు" అనలేను. 2025 మే 5న కొలోన్ రెండో లీగ్‌లో రెండో స్థానంలో ఉండి, రెండే మ్యాచ్‌లు మిగిలినయి. అప్పుడు ట్రైనర్ స్ట్రూబర్‌ని, డైరెక్టర్‌ని ఒకే రోజు పంపించిన్రు. 71 ఏళ్ల ఫ్రీడ్‌హెల్మ్ ఫుంకెల్‌ని పిలిస్తే, ఆయన రెండూ గెలిపించి ఛాంపియన్‌గా పైకి తెచ్చిండు. మా సైట్‌లో "ఆలస్యం" పార్టీ ఆయనకు ఆ రోజు నుంచి నోరు లేచింది. నేను చెప్పింది ఒకటే, అప్పుడు టీమ్ నిలబడే ఉంది, ఒక తోపు చాలు. 2017లో అట్ల కాదు.

స్టోగర్ సంగతి అడుగుతరేమో. తీసేసిన వారానికే డార్ట్‌మండ్ పిలిచింది. ఆ సీజన్ వాళ్లను నాలుగో స్థానంలో నిలబెట్టిండు. 2018 ఫిబ్రవరి 2న అదే డార్ట్‌మండ్‌తో ముంగర్స్‌డార్ఫ్ స్టేడియానికి వచ్చిండు. కొలోన్ రెండు గోల్స్ కొట్టింది, ఆయన టీమ్ మూడు కొట్టి పోయింది.