ఆటో టాపులో కన్నం ఎక్కడ?

శ్రావణ మాసం. చీడికాడలో రాత్రంతా కురిసిన వాన పొద్దున్నే తెరిపిచ్చింది. కోనం వైపు కొండల మీద మబ్బు ఇంకా దిగే ఉంది. ఊడుపు మళ్ళు గట్టంచుల దాకా నిండాయి. వాటి వెనక చెరకు తోటలు తలలు వాల్చి నీళ్ళు విదిలించుకుంటున్నాయి. చోడవరం వైపు నుంచి వచ్చిన ఒక ఆపే ఆటో రోడ్డు పక్క రేకుల షెడ్డు ముందు ఆగింది. ఇక్కడ సీటు కవర్లు, ఆటో టాపులు కుడతారు. రండి, మనమూ లోపలికి వెళ్దాం. మిషను పక్కన చుట్టలు చుట్టి నిలబెట్టిన రెగ్జిన్ వాసన ముందే ఎదురొస్తుంది.

"బాబాయ్, మళ్ళీ కారతంది. ఎనక సీటు మీదే. బడిపిల్లల సంచులు తడిసిపోతన్నాయి" అంటున్నాడు డ్రైవరు.

"కారతన్నాది నాకూ కనపడతంది గానీ నానా, నీళ్ళు ఎక్కడ దూరతన్నాయో సెప్పు" అన్నాడు కుట్టే బాబాయ్.

డ్రైవరు వెనక సీటు పైన మూల చూపించాడు. అక్కడ ఇప్పటికే నాలుగైదు మందులు పడ్డాయి. పైన తారు ముద్ద, దాని మీద నల్ల టేపు, లోపల పుట్టీలా ఆరిన తెల్ల సిలికాన్, వీటన్నిటినీ కప్పుతూ ఎన్నికలప్పటి ఫ్లెక్సీ ముక్క. బాబాయ్ గోటితో సిలికాన్ అంచు లాగాడు. ఏ పట్టూ లేకుండా పట్టీలా ఊడి వచ్చింది. మెత్తటి రెగ్జిన్‌కి సిలికాన్ సరిగా అంటుకోదు. తారు అంటుకుంటుంది, కానీ ఆ రెగ్జిన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థాన్ని లాగేసుకుంటుంది. ఏడాది తిరిగేసరికి తారు పూసినచోటే పెళుసెక్కి చిట్లుతుంది. కారడం ఆపాలని పూసిన మందే కొత్త కన్నం తెస్తుంది.

ఇప్పుడు బాబాయ్ లోపలి గుడ్డ విప్పుతున్నాడు. చాలామంది ఈ పని చెయ్యరు, అందుకే కన్నం దొరకదు. గుడ్డ జారగానే టాపుని మోసే పైపులు బయటపడ్డాయి. వేలు పెట్టి చూపిస్తున్నాడు, దగ్గరికొచ్చి చూడండి. అద్దం పైనున్న అడ్డ పైపు నుంచి మొదలై, పొడుగు పైపు కింది అంచు పట్టుకుని, వెనక మూల దాకా సన్నటి తుప్పు చార. బొట్టు అక్కడ పుట్టలేదు, అక్కడికి నడిచి వచ్చింది. నీటికి పైపుని కరుచుకుని పాకే గుణం ఉంది. వాలు ఎటుంటే అటు పోయి, వంపు తిరిగినచోటో బోల్టు అడ్డుపడినచోటో పట్టు వదిలి రాలుతుంది. రాలినచోట ఎంత పూసినా ఏం లాభం?

పైపులన్నీ పొడిగుడ్డతో తుడిచి, వాటి మీదా టాపు లోపలి వైపూ మొహానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లాడు. డ్రైవరు బకెట్టు ఎత్తి టాపు మీద గుమ్మరించబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కసారే పోస్తే ఏటి తెలుస్తాది? అడుగు నుంచి పోయాల."

ముందు కింది అంచు మీద చెంబుడు. లోపల చూశాం, పౌడరు చెక్కుచెదరలేదు. కొంచెం పైకి మరో చెంబు. మళ్ళీ ఆగి చూడటం. ఆ ఆగడమే కష్టం. డ్రైవరు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటున్నాడు, బడి బేరం పోతోందని బెంగ. పై నుంచి పోస్తే నీళ్ళు అన్ని కుట్లనీ తడుపుకుంటూ దిగుతాయి, దోషి ఎవరో తేలదు. కింది నుంచి పైకి పోతే ఒక్కో కుట్టూ విడివిడిగా సాక్ష్యం చెబుతుంది. అద్దం పైనున్న ముందు కుట్టు మీద పోసినప్పుడు తెల్లటి పౌడరులో నల్లటి గీత పడింది. మనం చూస్తుండగానే అది వెనక్కి పాకింది.

కుట్టు విప్పితే కారణం తెలిసింది. వెనక ముక్కని ముందు ముక్క మీదకి ఎక్కించి కుట్టారు, దాని నోరు ముందుకి తెరుచుకుంది. ఆటో నిలబడి ఉన్నంతసేపూ ఫర్వాలేదు. మాడుగుల రోడ్డులో ఎదురుగాలికి పరుగెత్తినప్పుడు వాన తిన్నగా ఆ నోట్లోకే కొడుతుంది. పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకుని కప్పినట్టు, ఇక్కడ ముందు ముక్క వెనక ముక్కని కప్పాలి.

రెండో కారణం సూది కన్నాలు. ఈ బెడద కొత్తది కాదు. 1823లో స్కాట్లాండు రసాయనవేత్త చార్లెస్ మాకింతోష్, నాఫ్తాలో కరిగించిన రబ్బరుని రెండు గుడ్డల మధ్య పరిచి నీళ్ళు దిగని బట్టకి పేటెంటు తీసుకున్నాడు. బట్ట బాగానే ఉంది గానీ దర్జీలు దాంతో కోట్లు కుట్టగానే సూది దిగినచోటల్లా వాన దిగింది. ఇప్పుడు విదేశీ ఓపెన్‌టాప్ కార్ల మీద వేసే గుడ్డలోనూ పైన అక్రిలిక్, లోపల మరో గుడ్డ, నడుమ రబ్బరు పొర ఉంటాయి. అంత ఖరీదైన గుడ్డకీ కుట్టు దగ్గర ఇదే భయం.  

కొండ ఊళ్ళకి మనుషుల్ని మోసిన పాత జీపుల నూలు కాన్వాసుకి ఒక మంచి గుణం ఉండేది. తడిస్తే నూలు ఉబ్బి, సూది కన్నాన్ని తనే మూసుకునేది. రెగ్జిన్ ఉబ్బదు, పడిన కన్నం పడినట్టే ఉంటుంది. అందుకే రెగ్జిన్ కుట్టేవాడికి ఎక్కువ జాగ్రత్త కావాలి.

బాబాయ్ నైలాన్ దారాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగాడు. ఆ మైనం దారంతోపాటు కన్నంలోకి దిగుతుంది. అంచులు మడిచి, మడత మీద మడత వేసి, పాత కన్నాలు లోపలికి పోయేలా కుడుతున్నాడు. కుట్టయ్యాక పైన రెండు వేళ్ళ వెడల్పు రెగ్జిన్ పట్టీ. దానికి ముందు ఆ చోటు సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దాలి. రెండు వైపులా గమ్ము రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి అప్పుడు అదమాలి. తడి మీద గమ్ము పట్టదు. వానాకాలంలో రిపేర్లు నిలవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బాబాయ్ బల్బు దగ్గరికి లాగి వెచ్చబెడుతున్నాడు. "తడారలేదు, ఆగు" అని డ్రైవరుని ఆపడం విన్నాను. బేరం తొందరలో ఉన్న మనిషిని అలా ఆపగలగడం కూడా పనితనమే.

ఇంకొకటి మిగిలింది. రెండు పైపుల మధ్య టాపు పల్లంగా జారింది, రాత్రి నీళ్ళు అందులో ఇంకా నిలిచే ఉన్నాయి. పారిపోయే నీళ్ళు ఒక చిన్న కన్నాన్ని దాటిపోవచ్చు. నిలిచిన నీళ్ళు వదలవు, బరువుతో గుడ్డని ఇంకా సాగదీస్తాయి. టాపుని లాగి పట్టే పట్టీ తెగింది, దాన్ని మార్చి, ఐలెట్లు కొత్తవి దిగ్గొట్టి, మబ్బు విడిచి ఎండ కాసిన కాసేపట్లో ఇద్దరూ చెరోవైపు నిలబడి బిగించారు. వేడికి రెగ్జిన్ సాగుతుంది, చల్లబడ్డాక డోలుతోలులా బిగుస్తుంది. 

మళ్ళీ పౌడరు, మళ్ళీ చెంబు, మళ్ళీ అడుగు నుంచి. ఈసారి గీత పడలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పటి గాలికి ఏ కుట్టూ పూచీ పడలేదు. శ్రావణంలో కురిసే మామూలు వానకి పిల్లల పుస్తకాలు తడవకుండా చూడటం మాత్రం మన చేతిలోనే ఉంది. మీ ఇంట్లోనో వీధిలోనో ఆటో నడిపేవాళ్ళుంటే ఒక మాట చెప్పండి. రోహిణి కార్తె ఎండలుండగానే టాపు కడిగి, లోపలి గుడ్డ విప్పి, కింది నుంచి పైకి చెంబుతో నీళ్ళు పోసి చూసుకోమనండి. అప్పుడైతే రెగ్జిన్ సాగుతుంది, గమ్ము పట్టుకుంటుంది, కుట్టేవాళ్ళకి తీరిక ఉంటుంది. మృగశిర వచ్చాక ఈ మూడూ దొరకవు.