మన ముంగిట చూడదగిన స్థలములు

విహారయాత్ర అనగానే మన సంఘములలో బస్సు మాట్లాడుకొని మెదక్‌కో, నాగార్జునసాగర్‌కో బయలుదేరుట వాడుక. దూరము పోవుట తప్పు కాదు. అయితే మన ఇంటి ముంగిట నున్నవాటిని చూడకయే మన పిల్లలు పెద్దవారై పట్టణములకు వెళ్లిపోవుచున్నారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. జిల్లాలు క్రొత్తవే గాని, వాటి రాళ్లును చెరువులును మిక్కిలి పాతవి.

మొదట జనగామ వైపు పోదము. హైదరాబాదు నుండి వరంగల్లు పోవు దారిలో జనగామ చేరకముందే పెంబర్తి కలదు. ఇత్తడి రేకును సుత్తితోను ఉలితోను కొట్టి బొమ్మలు తేల్చు పనివారి గ్రామమిది. వారి పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. రఘునాథపల్లి మండలములోని ఖిలాషాపురములో సర్వాయి పాపన్న కోట నిలిచియున్నది. కల్లుగీత కులములో పుట్టిన పాపన్న మొగలాయి అధికారులను ఎదిరించి, 1708లో వరంగల్లు కోటపై పడి దోచుకొనెను. 1710లో ప్రాణములు కోల్పోయెను. పాలకుర్తి, బమ్మెర గ్రామములు దగ్గర దగ్గరగా నున్నవి. పామరులకు తెలియు తెలుగులో ద్విపద కావ్యములు వ్రాసిన పాల్కురికి సోమనాథుడు ఒక ఊరివాడు; భాగవతమును తెనిగించిన పోతన వేరొక ఊరివాడు. మన బైబిలులోను కీర్తనలలోను ఉన్న తెలుగు ఇట్టివారి చేతిలో సానబట్టబడిన తెలుగే గదా!

ఇక వరంగల్లు మీదుగా భూపాలపల్లి వైపు వెళ్లుదము. రేగొండ ప్రాంతమున పాండవుల గుట్టలు కలవు. వ్రాత తెలియని కాలపు మనుష్యులు ఎర్రని రంగుతో అక్కడి రాతిగోడలపై బొమ్మలు వేసిరి. గణపురములోని కోటగుళ్లు కాకతీయ గణపతిదేవుని కాలమునాటివి. ఒక పెద్ద గుడి, దాని చుట్టు చిన్న గుళ్లు, అన్నిటిని చుట్టి రాతి ప్రహరి; కొన్ని గుళ్లు కూలి, చెక్కిన రాళ్లు చెదరియున్నవి. కొలదిదూరములో నున్న రామప్ప గుడి 2019 నుండి ములుగు జిల్లాలో చేరినది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చుటతో దేశదేశములవారు వచ్చుచున్నారు. అంత దూరము వచ్చినవారిలో అనేకులు కోటగుళ్లకు రాకయే తిరిగిపోవుదురు. భూపాలపల్లి జిల్లా చివర కాళేశ్వరము వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. అక్కడి గుడిలో ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి.

మహబూబాబాద్ జిల్లాలో వర్షకాలమున గూడూరు అడవిలోని భీముని పాదము జలపాతము చూడవచ్చును. ఎండకాలమున పోయినచో రాయి తప్ప నీరు కనబడదు. మా దృష్టిలో ఈ జిల్లాలో అంతకంటె విలువైనది బయ్యారము చెరువు. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ 13వ శతాబ్దిలో దానిని త్రవ్వించి, శాసనము వేయించెను. కాకతీయుల మూలపురుషుల పేర్లు చరిత్రకారులకు ఆ రాతి మీదనే దొరికినవి. కోటలు పడిపోయినను, ఆ చెరువు క్రింద నేటికిని వరి పండుచున్నది.

“అయ్యగారూ, అవి గుళ్లు గదా, మనమెందుకు చూడవలెను?” అని పెద్దలు కొందరు మమ్ము అడుగుచుందురు. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ఆరాధించుట వేరు, తెలిసికొనుట వేరు. ఏథెన్సులో విగ్రహములను చూచి పౌలు ఆత్మ పరితపించినను, ఆయన కన్నులు మూసికొని నడువలేదు, బలిపీఠముపైని వ్రాతను చదివెను, దానితోనే తన ప్రసంగమును మొదలుపెట్టెను (అపొ. కార్య. 17).

మనకు ఇంకను దగ్గరి సాక్ష్యము దోర్నకల్‌లో ఉన్నది. వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి సీమ నుండి 1909లో ఆ రైలు జంక్షనుకు మిషనరీగా వచ్చిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి. మెదక్ దేవాలయము 1924లో ఇంగ్లాండు గోథిక్ పద్ధతిలో లేచినది. అజరయ్యగారు ఆ మార్గము పట్టలేదు. మసీదును తలపించు గుమ్మటములను, గుడి మండపమును తలపించు స్తంభములను ఒక్క కప్పు క్రిందికి తెచ్చి, క్రీస్తు ఆరాధనకు ఇల్లు కట్టించిరి. 1939 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగ దినమున, అది ప్రతిష్ఠింపబడెను. చుట్టుపట్ల గుళ్లను, మసీదులను చూడనివాడు అట్టి దేవాలయమును తలపెట్టగలడా? వంటకు ముందు గుప్పెడు బియ్యము తీసిపెట్టి సంఘమునకిచ్చిన కూలి తల్లులు ఆ అధ్యక్ష మండలమును నిలిపిరి. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్యగారి సమాధియు అక్కడనే ఉన్నది.

కావున యువజన సంఘములవారికి, సండే స్కూలు ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటి. ఈ యేడు విహారయాత్రకు దోర్నకల్, బయ్యారము కలిపి ఒక దినము పెట్టుడి. మరియొక దినము గణపురమునకు పోవుడి. ప్రతి చోటను పిల్లలచేత మూడు ప్రశ్నలు అడిగించుడి: దీనిని ఎవరు కట్టించిరి? ఎవరి చేతులు కట్టినవి? నేడు ఎవరు కాపాడుచున్నారు? రెండవ ప్రశ్నకు శాసనములలో పేర్లు దొరకవు; అప్పుడు వారి తాతముత్తాతలను గూర్చి చెప్పుడి. పాతబొమ్మలపై చేయి వేయవద్దనియు, రాతిపై మేకుతో పేరు గీయవద్దనియు బస్సు దిగకముందే హెచ్చరించుడి.