బొమ్మే రోగం చెప్తుండె

ఇంకో రెండు కట్టెలు ఎగదోసి దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. డబ్బా టీవీలల్ల బొమ్మ చెడిపోతే ఎట్ల బాగుచేస్తుంటివి తాతా అని అడిగిండ్రు గదా, చెప్త ఇనుండ్రి.

హైదరాబాదుల దూరదర్శన్ 1977 అక్టోబరుల మొదలైంది. మన దిక్కు ఇండ్లల్లకు టీవీలు రావటానికి ఇంకా కొన్నేండ్లు పట్టింది. అప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లానే. సూర్యాపేట జిల్లా అయ్యింది మొన్న 2016ల. నేను ఈ మూడు ఊర్ల నడుమ బస్సుల తిరుక్కుంట పనిచేసిన. సంచిల మీటరు, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు, కొన్ని కండెన్సర్లు ఉండేటివి. ఈసీ, డయనోరా, సాలిడేర్ ఇసొంటి టీవీలు, ఎక్కువ నలుపు తెలుపువే. కొన్నిటికి చెక్క తలుపులు, తాళం గూడ ఉంటుండె.

సూర్యాపేట హైదరాబాదుకు 130 కిలోమీటర్ల పైనే ఉంటది. అంత దూరంకెళ్లి వచ్చేసరికి సిగ్నల్ బలం తగ్గిపోతది. అందుకే ఇంటి మీద పొడుగు పైపు, దానికి ఏంటెనా, కింద బూస్టర్. కోదాడల కొందరు ఏంటెనాను విజయవాడ దిక్కు తిప్పుకుంటుండిరి. తెర నిండ చుక్కలొచ్చి బొమ్మ మసకబారిందంటే నేను టీవీని ముట్టకపోయేది, ముందుగాల మిద్దె ఎక్కేది. ఎండకు, వానకు ఏంటెనా స్క్రూల కాడ వైరు చిలుము పట్టి ఉంటుండె. బ్లేడుతోని గీకి, గట్టిగ బిగిస్తే సగం కేసులు అక్కడనే తీరిపోయేటియి.

గుట్ట పక్క ఇండ్లల్ల ఒక్క మనిషి ఇద్దరు లెక్క కనపడుతుండె. సిగ్నల్ నేరుగ ఒకటొస్తది, గుట్టకు తగిలి తిరిగి ఇంకోటొస్తది. 300 మీటర్లు ఎక్కువ తిరిగొచ్చిన సిగ్నల్ 20 అంగుళాల తెర మీద దాదాపు ముప్పావు సెంటీమీటరు కుడిపక్కకు ఇంకో బొమ్మ వేస్తది. దానికి మందు టీవీ లోపల లేదు, ఏంటెనాను కొంచెం కొంచెం తిప్పి చూసుడే.

ఇగ టీవీ సంగతి. తెర మీద బొమ్మ ఒక్కసారి పడదు బిడ్డా. ట్యూబు వెనకనుంచి ఎలక్ట్రాన్ల ధార నాగలి చాలు కొట్టినట్టు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి గీసుకుంట వస్తది. ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఈ లెక్క మనసుల పెట్టుకుంటే రోగం తెర మీదనే కనపడుతది. బొమ్మ ఆగకుండ పైకి ఉరుకుతుంటే వర్టికల్ హోల్డ్ తప్పింది. వాలు గీతలై చీలిపోతే హారిజాంటల్ హోల్డ్ తప్పింది. అంతా పోయి నడిమిట్ల ఒక్క తెల్ల గీత మిగిలితే ధారను పైకి కిందికి నడిపే సర్క్యూట్ పడిపోయింది. అప్పుడు ముందుగాల బ్రైట్‌నెస్ తగ్గియ్యాలె, లేకుంటే ఆ గీత పడ్డ జాగల తెర కాలి మచ్చ పడుతది. చానాసార్లు ఆ గీతకు కారణం విడిపోయిన ఒక సోల్డర్ టాకా. వేడికి, చల్లకు పగిలి, కంటికి అతికినట్టే కనపడేది. దాన్ని మళ్ల కరిగించి పోస్తే బొమ్మ నిండుగ తెరుచుకునేది.

మిర్యాలగూడ దిక్కు సాయంత్రమైతే వోల్టేజి పడిపోతుండె. రైస్ మిల్లులు, సాగర్ ఎడమ కాల్వ కింద పల్లెలు, అన్నీ కరెంటు మీదనే. బొమ్మ నాలుగు దిక్కుల నుంచి కుంచించుకపోతే స్టెబిలైజర్ పెట్టాలె. వోల్టేజి మంచిగుండి గూడ బొమ్మ అంచులు వంకరపోయి, నల్ల పట్టీ మెల్లగ జరుగుతుంటే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయినట్టు. సూర్యాపేటల హైవే పక్క ఇండ్లోళ్లు ‘బండి పోతే చుక్కల గీతలొస్తున్నయన్నా’ అంటుండిరి. లారీ పోతే రాకపోయేటియి, అది డీజిల్ బండి. స్కూటరో లూనానో పోతే వచ్చేటియి, పెట్రోలు బండి ప్లగ్గుల నిప్పురవ్వ పుడుతది గదా.

1987 జనవరి 25 నుంచి రామాయణం మొదలైంది. ఆదివారం తొమ్మిదిన్నరకు టీవీ ఉన్న ఇంట్ల వాడకట్టంతా చేరేది. హిందీ వచ్చినోళ్లు రానోళ్లకు తెలుగుల చెప్తుండిరి. అందుకే శనివారం రాత్రి ఎంత పొద్దుపోయినా కబురొస్తే పోయేటోన్ని. ఒక్క టీవీ బాగైతే అంతమంది చూస్తరాయె.

తరువాత కలర్ టీవీలొచ్చినయి. తెర మూలకు ఊదా, పచ్చ మరకలు పడితే ట్యూబు పోయిందని భయపడుతుండిరి. పక్కన పెద్ద స్పీకరు ఉంటే దాని అయస్కాంతం తెర లోపలి సన్న రేకుకు పట్టేది. స్పీకరు జరిపి, డీగాసింగ్ కాయిల్‌ను తెర ముందల గుండ్రంగ తిప్పుకుంట మెల్లగ వెనక్కి తీసుకపోతే రంగులు సక్కగయ్యేటియి.

వెనక మూత మాత్రం ఎన్నడూ తెలిసీతెలువక ఇప్పొద్దు బిడ్డా. కలర్ ట్యూబుకు 25,000 వోల్టుల దాక ఉంటది, స్విచ్ బంద్ చేసినంక గూడ ట్యూబుల నిలువుంటది. పని నేర్వొచ్చిన పిల్లలకు ముందుగాల ట్యూబుల నిలువున్న కరెంటు దించుడు, ఒక చెయ్యి వెనకకు పెట్టుకొని పనిచేసుడే నేర్పిన. మీటరు పట్టుడు తరువాత.

అట్లనే ఇంకో మాట నేర్పిన. బయట తీరే రోగానికి పెట్టె ఇప్పొద్దు. హోల్డ్ మీటను కొంచెం తిప్పితే బాగైతే, ఇంటోళ్లను పిలిచి ఆ మీట చూపియ్యాలె, మళ్లొకసారి వాళ్లే తిప్పుకుంటరు. ఏంటెనా వైరు గీకిన పనికి ట్యూబు మార్చినంత పైసలు అడగొద్దు. పంట అమ్ముకొని టీవీ కొన్నోళ్లకు లోపల ఏమున్నదో తెల్వదు, మనం చెప్పిందే నిజం అనుకుంటరు. ముందుగాల బొమ్మను నిదానంగ చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పినోన్నే మూడు ఊర్లల్ల మంచి మెకానిక్ అన్నరు.