వడిసెల విడిచిన రాయి

1980 ఫిబ్రవరి 16, శనివారం. మాఘ అమావాస్య. పాలమూరు జిల్లాలో ఒక జొన్నచేను గట్టు మీద నిలబడి ఉన్నారు మీరు. గ్రహణం పట్టి గంట దాటింది. ఊళ్ళో తలుపులన్నీ మూసేశారు. లోపల పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు, పచ్చడి జాడీల మీద గరికపోచలు వేశారు. రోజూ పిట్టలను తోలే మనిషి కూడా మంచె దిగి ఇంటికి పోయాడు. అతని వడిసెల మంచె గుంజకు వేలాడుతోంది.

ఎండ ఉంది, అందులో వేడి లేదు. చింతచెట్టు కింద నేల నిండా చిన్న చిన్న నెలవంకలు. తరిగిపోతున్న సూర్యుడి బొమ్మలే అవి.

చీకటి పడేలోగా ఒక లెక్క చూద్దాం. ఒప్పులకుప్ప ఆడే పిల్లలు చేతులు చాచి వెనక్కి వాలి తిరుగుతారు. ఒకరికొకరు దగ్గరికి జరిగితే ఎవరూ తోయకుండానే వేగం పెరుగుతుంది. బయటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టనంతకాలం ఆ తిరుగుడు మొత్తం, అంటే కోణీయ ద్రవ్యవేగం, మారదు. సైజు సగమైతే వేగం నాలుగింతలు. 460 కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడు చల్లని మబ్బులో ఒక ముద్ద. అది కోటి ఏళ్ళకోసారి తిరిగేదనుకుందాం. ఏ 40 లక్షల రెట్లో కుంచించుకుని సూర్యుడంత అయితే, దాదాపు 20 సెకన్లకో చుట్టు తిరగాలి. అంత వేగానికి సూర్యుడు నిలవడు, చెదిరిపోతాడు. మరి ఈ సూర్యుడు నడుము దగ్గర 25 రోజులకో చుట్టు, నింపాదిగా తిరుగుతున్నాడు. ఆ తిరుగుడంతా ఏమైంది?

కొంత పుట్టుకలోనే మబ్బుకూ, చుట్టూ ఉన్న ధూళి పళ్ళేనికీ పోయింది. సౌరకుటుంబం బరువులో 99 శాతానికి పైగా సూర్యుడిదే అయినా, తిరుగుడులో సింహభాగం గ్రహాలది, అందులోనూ గురుడిది. అయినా లెక్క తేలదు. సూర్యుడి లాంటి నక్షత్రాలు కృత్తికల్లో ఇంకా పసివి. వాటిలో చాలా వరకు కొద్ది రోజులకే ఒక చుట్టు తిరిగేస్తాయి. మన సూర్యుడూ పసితనంలో అంతే. ఎవరు నెమ్మదింపజేశారు?

మూడుముప్పావు. పిట్టలు కంకులు వదిలి చెట్లెక్కాయి. నైరుతి నుంచి, మబ్బు లేకుండానే, చీకటి పరుగెత్తుకొచ్చి మీద పడింది.

ఇప్పుడు చూడండి, ఉత్త కళ్ళతోనే. సూర్యుడున్న చోట నల్లటి బిళ్ళ. చుట్టూ ముత్యపు రంగు వెలుగు, అన్ని దిక్కులకూ రేకులు విప్పి. పైన శుక్రుడు. ఊళ్ళో ఒక్కరు కూడా దీన్ని చూడడం లేదే అని ప్రాణం కొట్టుకుంటుంది. సాగర్ రోడ్డు వైపు, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో, దేశదేశాల శాస్త్రజ్ఞులు కరోనా అనే ఈ వెలుగు కోసమే కాచుకుని ఉన్నారు. సూర్యుడి తిరుగుడును మోసుకుపోయేది ఈ వెలుగులోంచి వీచే గాలే.

తల తూర్పుకు తిప్పండి. వృషభరాశి లేచి ఉంది. 1054లో పేలి కనిపించిన చుక్క తాలూకు గుండె, సుమారు 20 కిలోమీటర్ల ముద్ద, కంటికి ఆనకుండా అక్కడే ఉంది. సెకనుకు 30 చుట్లు తిరుగుతోంది. అది ఒక్క గుక్కలో కుప్పకూలింది. తిరుగుడు వదిలించుకునే వ్యవధి లేకపోయింది.

రెండు నిమిషాలు దాటాయి. పడమట ఒక్క వెలుగుచుక్క మెరిసింది. కళ్ళు దించుకోండి.

గుంజకున్న వడిసెల తీసి, రాయి పెట్టి తిప్పండి. తాడు పట్టినంతసేపూ రాయి మీ చేతితోపాటే తిరుగుతుంది; ఒక కొస వదిలితే ఆ తిరుగుడు తీసుకుని పోతుంది. తాడు ఎంత పొడుగైతే అంత ఎక్కువ తీసుకుపోతుంది. సూర్యుడి అయస్కాంత రేఖలే ఆ తాళ్ళు. కరోనా గాలిని చాలా దూరం తమతో తిప్పి, అప్పుడు వదులుతాయి. గాలి బరువు ఏపాటిదో అయినా, 460 కోట్ల ఏళ్ళు వదిలితే సూర్యుడంతటివాడూ నెమ్మదిస్తాడు. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత, 2021 ఏప్రిల్‌లో, పార్కర్ అనే అంతరిక్ష నౌక సూర్యుడి నుంచి సుమారు 1.3 కోట్ల కిలోమీటర్ల దగ్గర ఆ తాళ్ళ పట్టు ఉన్న మేరలోకి మొదటిసారి దూరుతుంది.

వెలుతురు పెరుగుతోంది. ఊళ్ళో తలుపులు ఇంకా తెరుచుకోలేదు. మంచె మనిషి కంటే ముందే పిట్టలు వచ్చి కంకుల మీద వాలాయి.