ఎవరి కూతురు లెక్కలోకి వచ్చింది?

విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ జాబితా తీయించారు. మొత్తం 1,034. పెళ్ళికూతుళ్ళలో 99 మందికి అయిదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఏడాది, వాళ్ళ వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. 1897లో గురజాడ 'కన్యాశుల్కం' మొదటి కూర్పు పీఠికలో ఈ అంకెలు అచ్చయ్యాయి. ఎన్నిసార్లు చదివినా ఆ ముగ్గురి దగ్గరే నా కళ్ళు ఆగిపోతాయి. అయితే అది బ్రాహ్మణ కుటుంబాల జాబితా. మాలపల్లె పిల్లకూ మాదిగవాడ పిల్లకూ అందులో చోటు లేదు.

ఇక చట్టం సంగతి. కలకత్తాలో భర్త బలాత్కారానికి ఒక పసిపిల్ల ప్రాణం పోయాక, 1891లో లైంగిక సమ్మతి వయసు 10 నుంచి 12కి పెరిగింది. ఆడపిల్ల పెళ్ళి వయసును 1929 శారదా చట్టం 14 చేసింది, 1949లో 15 అయింది, 1978లో 18. కానీ భర్త బలాత్కారం నేరమయ్యే వయసు మాత్రం 1949లో 15 దగ్గర ఆగి, 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా కదల్లేదు. పదహారేళ్ళ పిల్లకు పెళ్ళి తగదన్న చట్టమే, పెళ్ళి చేసేశాక పడకగదిలోకి తొంగిచూడలేదు. 1978 నుంచి 2017 దాకా, ముప్పై తొమ్మిదేళ్ళు!

జోగినుల సంగతి ఇంకా ఆలస్యం. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను నిషేధించింది. తెలంగాణ అప్పుడు నిజాం ఏలుబడి కాబట్టి ఆ చట్టం అక్కడికి రాలేదు. పెద్దమనిషి కాకముందే ఎల్లమ్మ దేవతకు జోగినిగా ఇచ్చిన దళిత పిల్ల ఆ తరవాత ఊరి మోతుబరుల పాలు. కవి జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో ఈ పిల్లల మధ్య పనిచేశారు. ఆంధ్రప్రదేశ్ చట్టం 1988లో గాని రాలేదు.

కర్నూలు, మహబూబ్‌నగర్ విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, వెళ్ళిన ఆడపిల్లలదీ లెక్కకు రాని కథే. తల్లిదండ్రులు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా బడి లేదు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని బాలల హక్కుల కోసం పనిచేసిన శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ పట్టుబట్టింది అందుకే. బడి మానేసిన పిల్లకు పెళ్ళి ఎంత తొందరగా కుదురుతుందో పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5, దేశంలో 23.3. చదువూ డబ్బూ లేని ఇళ్ళలోనే ఎక్కువ. అదే సర్వేలో భర్త కొట్టాడా అన్న ప్రశ్నకు వచ్చిన అంకెలు 18 నుంచి 49 ఏళ్ళ స్త్రీలవి. పదహారేళ్ళకే కాపురానికి వెళ్ళి, ఇంకా 18 నిండని పిల్ల ఆ జాబితాలో లేదు.