సముద్రంలో చమురు లీకైతే బాధ్యత ఎవరిది? ఎవరికి ఫోన్ చేయాలి?

ఓడ ప్రమాదానికి గురై చమురు సముద్రంలోకి లీకైతే ముందుగా రంగంలోకి దిగాల్సింది ఎవరు? నేవీయా.. పోర్టా.. రాష్ట్ర ప్రభుత్వమా? దీనికోసం మన దేశంలో 1996 నుంచి ఒక జాతీయ ప్రణాళిక అమల్లో ఉంది. దాన్ని నడిపించేది కోస్ట్ గార్డ్.

ఎవరి పని ఏంటి?

• సముద్రంలో: కోస్ట్ గార్డ్
• పోర్టు పరిధిలో: పోర్టు యాజమాన్యం
• సముద్రంలోని చమురు ప్లాట్‌ఫామ్‌ల చుట్టూ 500 మీటర్ల వరకు: ఆయిల్ కంపెనీ
• ఒడ్డుకు చేరాక: రాష్ట్ర ప్రభుత్వం

చమురు ఎలా తీస్తారు?

ముందు బూమ్‌లు అనే తేలే అడ్డుగోడలతో తెట్టును చుట్టేస్తారు. తర్వాత స్కిమ్మర్ యంత్రాలతో పైనున్న చమురును లాగేస్తారు. ఇందుకు ప్రత్యేక నౌకలు కూడా ఉన్నాయి. విశాఖ కేంద్రంగా పనిచేసే 'సముద్ర పహరేదార్' అలాంటిదే.

ఆలస్యమైతే అంతే!

2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూర్‌లో రెండు ఓడలు ఢీకొన్నాయి. లీకైన చమురు ఒడ్డుకు చేరి బురదలా గట్టిపడింది. చివరికి మనుషులే బకెట్లతో తోడి పోయాల్సి వచ్చింది. చేపలు కొనేవాళ్లు లేక మత్స్యకారులు నష్టపోయారు. అందుకే చమురు ఒడ్డుకు రాకముందే ఆపడం ముఖ్యం.

మీకు కనిపిస్తే?

వేటకు వెళ్లినప్పుడు నీటిపై నల్లటి తెట్టు కనిపిస్తే అందులోకి పడవ పోనివ్వొద్దు, వల వేయొద్దు. చేత్తో ముట్టుకోవద్దు. కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ నంబర్ 1554కు వెంటనే కాల్ చేసి, ఎక్కడ చూశారో చెప్పండి.